ఒడిబియ్యానికి ఒక సీటు

సముద్రం దాటించేవాడివి నువ్వే, దాటిన తర్వాత కూర్చోవడానికి చోటు చూపించేవాడివీ నువ్వే. శ్రీరామచంద్రా, నీకు వేయి దండాలు. నీ పేరు పలికే నోటికి ఎదుటివాళ్ల భాష రాకపోయినా పని ఆగదని కళ్లారా చూపించావు. అమ్మా జానకీ, నీ గడప దాకా వచ్చి వెళ్లిన మా ముగ్గురి తొందరపాట్లనూ, మా తమ్ముడి తువ్వాలు విసురుళ్లనూ క్షమించు. నీకు చెప్పుకోవలసింది అక్కడే చెప్పుకున్నాను. ఇక ఇక్కడ రాలేకపోయిన వాళ్లకు చెబుతాను.

ఎల్లమ్మ అడిగిన మాట

కోదాడలో మా వీధి ఆడవాళ్లం ప్రతి శనివారం సుందరకాండ పారాయణం చేసుకుంటాం. చదివేదీ, అర్థం చెప్పేదీ నేనే. చిన్నప్పుడు మా నాన్నగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన విద్య అది. మా సత్సంగానికి అనంతగిరి నుంచి ఆటోలో వచ్చే ఎల్లమ్మకు అరవై ఎనిమిదేళ్లు. గొర్రెల మంద ఉన్న ఇల్లు. ముగ్గురూ కొడుకులే, ఆడపిల్ల లేదు. ఎప్పుడూ వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. నిద్రపోతున్నదేమో అనుకుంటాం, కానీ ఒక్క మాట కూడా పోనివ్వదు.

ఒక శనివారం హనుమ అశోకవనంలో సీతమ్మను చూసే ఘట్టం ముగించి పుస్తకం మూస్తుంటే చెయ్యెత్తింది.

"పంతులమ్మా, పది నెలలు ఆ బిడ్డ పరాయి దేశంల ఉన్నది గదా. ఆమెకు ఒడిబియ్యం ఎవరు పోసిండ్రు?"

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు, మా మాటలో తల్లిగారోళ్లు, పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర, రవికెగుడ్డ ఆమె కొంగులో పోయడం మా వైపు ఆచారం. నువ్వు మా బిడ్డవే, మరిచిపోలేదు అని చెప్పే పద్ధతి అది. ఏ సర్గలో ఏముందో నేను చెప్పగలను. ఈ ముచ్చట మాత్రం ఏ సర్గలోనూ లేదు. ఎవరూ పోసినట్టు లేదమ్మా అన్నాను. "అయితే మనం పోసొద్దాం" అన్నది ఎల్లమ్మ, హుజూర్‌నగర్ పోయి చెప్పులు కొనుక్కొద్దాం అన్నంత తేలికగా.

అందరం నవ్వాం. ఆటో ఎక్కించడానికి వెంట వెళ్లినప్పుడు నాతో ఒక్కదానితో అసలు సంగతి చెప్పింది. తోడికోడళ్ల బిడ్డలకు ఒడిబియ్యం పోస్తుంటే పళ్లెం పట్టుకుని పక్కన నిలబడటమే తప్ప, తల్లి స్థానంలో కూర్చుని పోసింది లేదట. "సచ్చేలోపు ఒక్కసారి నా శేతుల కెళ్లి పడాలె" అన్నది.

ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. పాస్‌పోర్టులకు పెట్టించాం.

సూర్యాపేట బస్టాండు

మూడోమనిషి నా తమ్ముడు సైదులు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ధాన్యం కొనుగోలు చూస్తాడు. దారిఖర్చుల పెత్తనం, టికెట్ల పెత్తనం వాడిదే. మేమిద్దరం కోదాడ నుంచి, వాడు మిర్యాలగూడ నుంచి వచ్చి సూర్యాపేటలో కలిశాం. హైదరాబాద్ బస్సు ఇంకా ఆగలేదు, వాడి భుజం మీది తువ్వాలు కిటికీలోంచి ఎగిరి ముగ్గురు కూర్చునే సీటు మీద పడింది. మేం తాపీగా ఎక్కేసరికి ఒకాయన సీటు పక్కనే నిలబడి తువ్వాలును చూస్తున్నాడు గానీ కూర్చోలేదు. తువ్వాలు పడ్డ సీటు జోలికి వెళ్లే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు.

"అక్కా, ఏ దేశమైతే ఏంది, కిటికీ కిటికీనే" అన్నాడు వాడు కాళ్లు చాపుకుని.

బస్సులోనే నేను రెండు నియమాలు పెట్టాను. ఒకటి, ఒడిబియ్యం మూట కట్టాక దాన్ని నేలమీద పెట్టకూడదు. రెండు, సీతమ్మకు పోసేదాకా అందులోంచి ఒక్క గింజ కూడా తీయకూడదు. ఎల్లమ్మ రెండు చెంపలూ వేసుకుని ఒప్పుకుంది.

కొలంబోలో బియ్యం కొన్నాం

పరాయి దేశానికి బియ్యం పట్టుకుపోవాలంటే ఏవో కాగితాలు కావాలని ఎవరో చెప్పారు. పసుపు, చీర, కుడుకలు సర్దుకుని బియ్యం అక్కడే కొందామనుకున్నాం. చుట్టూ వంద మిల్లుల మధ్య పుట్టి పెరిగిన మావాడికి ఇంతకంటే అవమానం లేదు. విమానంలో కూడా మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

కొలంబో బజారులో తమిళం మాట్లాడే ఒక దుకాణదారు పది రకాలు చూపించాడు. ఎర్రబియ్యం, ముత్యాల్లాంటి పొట్టి బియ్యం, ఉప్పుడు బియ్యం. సైదులు ఒక్కో రకం అరచేతిలో పోసుకుని, ఊది, రెండు గింజలు కొరికి, నూక ఎంత, తేమ ఎంత అని చూశాడు. ముప్పావు గంట గడిచింది. దుకాణదారు ముందు విసుక్కున్నాడు, తర్వాత కుర్చీ వేశాడు, చివరికి లోపలికి పోయి తమ ఇంటికి వాడుకునే బియ్యం బస్తా విప్పి తెచ్చాడు. ఐదుంబావు కిలోలు తీసుకున్నాం. మంచి బియ్యమేనా అని ఎల్లమ్మ అడిగితే, "మంచియే. కానీ ఈ ముచ్చట మిర్యాలగూడల ఎవ్వలకు సెప్పకు" అన్నాడు.

అక్కడి రూపాయి మన రూపాయి కంటే చిన్నది. టీకి వంద అడిగినప్పుడల్లా ఎల్లమ్మ గుండె మీద చెయ్యి వేసుకునేది. మేం లెక్క చెప్పేదాకా తాగేది కాదు, చెప్పేసరికి చల్లారిపోయేది. ఇంకో వింత ఏమిటంటే, ఒక బస్సు అద్దం మీద రావణుడి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అక్కడ చాలామందికి ఆయన తమ పాత రాజు. నేను ఆ బస్సు పోయేదాకా కళ్లు మూసుకుని రామనామం చెప్పుకున్నాను. తెరిచేసరికి వెనక అద్దం మీదా అదే పేరు.

నాలుగో మనిషి పాస్‌పోర్టు

సీతమ్మ గుడి ఉన్న ఊరు పేరు సీత ఎలియ. కొండల్లో, నువర ఎలియకు దగ్గర. నాను ఓయా అనే స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి. శుక్రవారం దీపాలు పెట్టేలోపు ఒడిబియ్యం పోస్తానని ఎల్లమ్మ మొక్కు. ఆదివారం మా తిరుగు విమానం. అంటే ఆ ఒక్క శుక్రవారమే మాకున్నది. కారు మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. మూసిన కారులో కొండదారి అంటే ఎల్లమ్మకు పది మలుపుల్లో పది వాంతులు.

గురువారం ఉదయం కొలంబో ఫోర్ట్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్ దగ్గర సైదులు వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు సీట్లు అడిగాడు. ముగ్గురికి మూడు, మూటకు ఒకటి. కౌంటర్‌లో ఉన్నాయన నెమ్మదైన మనిషి. మనిషికొక పాస్‌పోర్టు నంబరు కావాలన్నాడు. సైదులు మూడు పుస్తకాలు లోపలికి తోశాడు. నాలుగో మనిషిది ఏదని అడిగితే, పసుపు కలిపి కట్టి ఎల్లమ్మ చంకలో పెట్టుకున్న బియ్యం మూటను చూపించాడు. పేరేమిటన్నాడు ఆయన. సీత అన్నాడు వీడు. వయసు అన్నాడు ఆయన. వీడు నా వైపు తిరిగాడు.

"అక్కా, త్రేతాయుగం అంటే ఎన్నేండ్లు?"

నేను నిజంగానే లెక్క వేయడం మొదలుపెట్టాను. ఆయన కలం కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగాక, రిజర్వేషన్ సీట్లు నెల ముందే తెరుస్తారని, తెరిచిన రోజే అయిపోతాయని, రేపటి బండిలో సీతకే కాదు మాకు కూడా లేవని మెల్లగా చెప్పాడు. పాస్‌పోర్టు లేకుండానే ఈ దేశానికి వచ్చిన తల్లి ఆమె, ఆమెకు దొరకని సీటు మనకు దొరుకుతుందా అనుకున్నాను.

రిజర్వేషన్ లేని మూడో తరగతికి అప్పటికప్పుడు టికెట్లు ఇస్తారట. ఎక్కి, దొరికితే కూర్చోవాలి, లేకపోతే నిలబడాలి. మర్నాడు పొద్దున్నే కొన్నాం. అరచేతిలో సగం ఉండే గట్టి అట్టముక్కలు ఇచ్చారు, నా చిన్నప్పుడు మన రైళ్లలో ఉన్నట్టే. ఎల్లమ్మ తన టికెట్‌ను కళ్లకద్దుకుని జాకెట్‌లో దాచుకుంది.

తిరిగొచ్చే తువ్వాలు

బండి ప్లాట్‌ఫాం మీదికి వస్తుంటే సైదులు నడుం బిగించాడు. సూర్యాపేట అంతా వాడి భుజంలోకి వచ్చింది. ఆగక ముందే తువ్వాలు కిటికీలోంచి సూటిగా వెళ్లి సీటు మీద పడింది. మేం తలుపు దగ్గరికి చేరేలోగా తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన అదే కిటికీలోంచి చెయ్యి చాపి, తువ్వాలును చక్కగా నాలుగు మడతలు పెట్టి, చిరునవ్వుతో సైదులు చేతికిచ్చాడు. ఇచ్చి ఆ సీట్లో కూర్చున్నాడు.

సైదులు పక్క కిటికీకి పరిగెత్తి మళ్లీ విసిరాడు. ఈసారి చీర కట్టుకున్న ఒకామె దుమ్ము దులిపి మరీ తిరిగిచ్చింది. మూడోసారికి పెట్టెలో అందరికీ తెలిసిపోయింది, పాపం ఈయన తువ్వాలు నిలవడం లేదని. గాలిలో ఉండగానే రెండు మూడు చేతులు పట్టుకున్నాయి. మా దగ్గర అది సీటు పట్టా. వాళ్ల దగ్గర అది మనిషి పోగొట్టుకున్న వస్తువు. దొరికితే తిరిగివ్వాలి, అంతే. తప్పు ఎవరిదని అడిగితే నేను మా వాడిదే అంటాను. తువ్వాలును జాగ్రత్తగా చూడటం నేర్చుకున్నవాళ్లు వాళ్లు.

మొత్తానికి తువ్వాలు దక్కింది, సీటు దక్కలేదు. ముగ్గురం నిలబడ్డాం. సముద్రం మధ్యలో మైనాకుడు కాస్త కూర్చుని పొమ్మంటే, చేత్తో తాకి, వద్దని వెళ్లిపోయాడు హనుమ. ఆయన కథ వారం వారం చెప్పే నేను ఒక చెక్కబల్ల కోసం ఇంత కొట్టుకున్నానని సిగ్గేసింది. గంటకే కాళ్లు లాగడం మొదలైంది, ఆ సిగ్గు పోయింది.

మూటను పైన సామాన్ల అరలో పెట్టమని తోటివాళ్లు సైగ చేశారు. తీరా చూస్తే అక్కడ ఎండు చేపల సంచి ఉంది. ఎల్లమ్మ ఇంట్లో మాంసం తినని పండుగ ఉండదు. అయినా ఇది ఒడిబియ్యం. మూటను పాపాయిలా ఎత్తుకుని నిలబడింది, ఆమె అలసిపోతే నేను, నేను అలసిపోతే ఆమె. సైదులు ఎత్తుకుంటానంటే మాత్రం ఇవ్వలేదు, ఆడవాళ్ల పని అని.

దారిలో ఒక స్టేషన్‌లో గారెలు అమ్ముతుంటే సైదులు కిటికీలోంచి మూడు కొన్నాడు. పిల్లల లెక్కల నోట్‌బుక్ కాగితంలో చుట్టి ఇచ్చారు. ఎల్లమ్మ విప్పి చూసి, "పంతులమ్మా, గారె మీద ఏందో కూసున్నది" అన్నది. రొయ్య. తోకతో సహా. మొక్కు రోజు కదా, మూడూ పక్కవాళ్లకు పంచాం. ఆ కాగితం మీది గుణకారం తప్పు వేశారని సైదులు నాను ఓయా దాకా చెబుతూనే ఉన్నాడు.

సీత, సీత

గంపొల దాటాక బండి కొండ ఎక్కసాగింది. టీ తోటలు మొదలయ్యాయి. గొర్రెల వెంట ఆకుపచ్చ కోసం జీవితమంతా నడిచిన ఎల్లమ్మ అంత ఆకుపచ్చను చూసి, "ఇంత మేత పెట్టుకుని ఈళ్లు మందలు పెంచరేంది" అని బాధపడింది. అప్పటికే నాలుగు గంటలకు పైగా నిలబడి ఉన్నాం. ఆమె మోకాళ్లు వణకడం నాకు కనిపిస్తున్నది.

కిటికీ పక్కన ఒకామె కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి, గౌను, చేతిలో సంచి. పేరు కుసుమ అని తర్వాత తెలిసింది. మూటను చూపించి కళ్లతోనే ఏమిటని అడిగింది. ఎల్లమ్మ మూట మీద చెయ్యి పెట్టి, "సీత. సీతమ్మకు" అన్నది.

కుసుమ చటుక్కున లేచింది. కిటికీ దించేసింది. చుట్టూ చూసి "సీత, సీత" అని ఏదో చెప్పింది. వరుసగా నాలుగు కిటికీలు మూతపడ్డాయి. సంచిలోంచి ఊలు స్వెట్టర్ తీసి ఎల్లమ్మ భుజాల చుట్టూ కప్పి, రెండు చేతులతో పట్టుకుని తన సీట్లో కూర్చోబెట్టింది.

ఎల్లమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసినవా పంతులమ్మా, సీతమ్మ పేరు సెప్తే లేసి కూసోబెట్టిండ్రు. మన బస్సుల లేస్తరా ఎవరన్న?"

నాకూ కళ్లు చెమర్చాయి. ఎంత భక్తి అనుకున్నాను. అంతలో పక్కాయన అరచేతులు రుద్దుకుంటూ నన్ను చూసి "సీతలయి?" అని అడిగాడు. అప్పుడు తట్టింది. మన శీతలమే వాళ్ల సీతల. ఆ భాషలో సీత అంటే చలి. మోకాళ్లు వణుకుతున్న ముసలమ్మ చలి, చలి అంటున్నదని ఆ పెట్టెంతా జాలిపడింది.

ఊరుకుంటే సీటు మాదే. కానీ బంగారు లేడి కథ చెప్పిన నోటితో పొరపాటున దొరికిన దాన్ని ఉంచుకోలేను. ఎలా చెప్పాలా అని చూస్తుంటే కుసుమే వచ్చీరాని హిందీలో, బాగా చలిగా ఉందా అని అడిగింది. ఆ హిందీ ఆనవాలు పట్టుకుని సైదులు మా వైపు ఉర్దూ కలిపి మొత్తం చెప్పేశాడు. చలి కాదు, రాముడి భార్య అని. ఆమె పకపకా నవ్వింది. తన భాషలో అందరికీ చెప్పింది. పెట్టెంతా నవ్వింది. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, ఒకటి రెండు తప్ప. నిజంగానే చలిగా ఉంది మరి.

సీటు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. సగం జరగమని ఎల్లమ్మ పక్కనే ఇరుక్కుని కూర్చుంది. కూర్చుని, మా మతి పోయేలా తెలుగులో, "తిన్నావా?" అన్నది.

హట్టన్ వచ్చేలోపు

పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసిందట కుసుమ. పద్నాలుగేళ్లు అనగానే ఎల్లమ్మ నా వైపు చూసింది. పక్కింట్లో కడప ఆమె ఉండేదట. గోడ మీదుగా రోజూ తిన్నావా, పడుకున్నావా అని అడిగేదట. ఆ రెండు మాటలూ అలా నిలిచిపోయాయి. హిందీ కూడా అక్కడిదే. ఇప్పుడు ఈమె కూతురు అదే ఊళ్లో ఇంకో ఇంట్లో పనిచేస్తోంది.

ఒడిబియ్యం అంటే ఏమిటని అడిగింది. నేను చెబుతుంటే సైదులు హిందీలోకి మార్చాడు. విని తన సంగతి చెప్పింది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా ఏం తెచ్చిందా అని అందరూ తను మోసుకొచ్చిన పెట్టెలోకే చూసేవాళ్లట. తన చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదట. ఏడుపేమీ లేదు, మామూలుగానే చెప్పింది.

ఆ మాటను తెలుగులో ఎల్లమ్మకు చెప్పాను. ఆమె చేతులు మూట ముడి మీదికి వెళ్లాయి. అక్కడ ఆగి నన్ను చూసింది.

"ఈ బిడ్డకు కొన్ని పొయ్యాలె పంతులమ్మా. నువ్వు గింజ తియ్యొద్దంటివి. ఏం జెయ్యమంటవో సెప్పు."

నియమం పెట్టింది నేనే. అమ్మవారికని కట్టిన మూట, మొక్కు తీరక ముందే విప్పొచ్చా? ఇది తప్పయితే అరవై ఎనిమిదేళ్ల కోరిక ఈ కొండ మీద చెడిపోతుంది. ఇంత దూరం మళ్లీ రావడం ఎల్లమ్మ వల్ల కాదు. తర్వాతి స్టేషన్ హట్టన్, కుసుమ దిగిపోతుంది.

"అక్కా, మా మిల్లుల సుత తూకం ముందుగాల షాంపిల్ తీస్తరు" అన్నాడు సైదులు. వాడిని నోరు మూసుకోమన్నాను.

అప్పుడు త్రిజట గుర్తొచ్చింది. అశోకవనంలో అందరూ బెదిరిస్తుంటే తనకొచ్చిన కల చెప్పి సీతమ్మకు ధైర్యమిచ్చిన లంక ఆడమనిషి. రాజ్యం మారింది, రథాలు వచ్చాయి, పుష్పకం ఎగిరింది. త్రిజట చేతిలో ఎవరైనా ఏమైనా పెట్టారా? సీతమ్మనే అడిగితే ముందు ఎవరికి పోయమంటుంది? పరాయి దేశపు ఆడదానికి చలేస్తున్నదని తన సీటూ, తన స్వెట్టరూ ఇచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

పొయ్యి అన్నాను.

కుసుమకు కొంగు లేదు. ఎల్లమ్మ తన భుజం మీది స్వెట్టర్ తీసి ఆమె ఒళ్లో పరిచింది. ముందు ఏ మాట అనాలని కుసుమ అడిగితే, "ఏం అనొద్దు బిడ్డా, నవ్వుకుంట పట్టుకో" అన్నది. పసుపు బియ్యం ఐదు దోసిళ్లు. బండి ఊగుతుంటే సైదులు అటూ ఇటూ చేతులు అడ్డం పెట్టాడు, గింజ కిందపడకుండా. మూడో దోసిలి దగ్గర ఎల్లమ్మ చేతులు వణికాయి. ఈసారి చలి అని ఎవరూ అనుకోలేదు.

హట్టన్‌లో దిగి, స్వెట్టర్ మూట గుండెకు ఆనించుకుని, కిటికీ దగ్గరికి వచ్చి ఎల్లమ్మతో "పడుకో" అన్నది కుసుమ. తెలిసిన రెండు మాటల్లో మిగిలింది అదొక్కటే.

సీత ఎలియ

బండి ఆలస్యంగా నాను ఓయా చేరింది. పైగా వాన. ఆటోకు పరదాలు కట్టి పోనిచ్చాడు డ్రైవర్. దీపాలు పెట్టే వేళ దగ్గర పడుతున్నది. ఎల్లమ్మ దారంతా ఒకటే మాట, మూట తేలికైంది, తల్లి ఏమనుకుంటదో అని. నేనూ పైకి ధైర్యం చెప్పాను గానీ లోపల నాకూ అదే భయం.

గుడి రోడ్డు పక్కనే, కింద వాగు పారుతున్నది. వాగు ఒడ్డున రాతి మీద హనుమ పాదాల గుర్తులని చూపించే గుంటలున్నాయి. పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లేసరికి పూజారి గారు చేతిలో వత్తులతో నిలబడి ఉన్నారు, ఇంకా వెలిగించలేదు. పేరు, గోత్రం అడిగారు. తర్వాత పసుపు మూట చూసి, మీరు ఎవరు, ఇది ఎవరి తరఫున అని ఇంగ్లీషులో అడిగారు. నేను తెలుగులో ఎల్లమ్మకు చెప్పాను.

"తల్లిగారోళ్లం" అన్నది ఎల్లమ్మ.

ఆ మాట ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. గడప ముందు చీర పరిచాం. కుడుకలు, ఖర్జూరాలు పెట్టాం. ఎల్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన బియ్యమంతా దోసిలి దోసిలిగా పోసింది. అయిపోయాక లేవలేదు. అమ్మవారి ముఖంలోకి చూస్తూ, తన ఇంటి అరుగు మీద మాట్లాడినట్టు చెప్పింది.

"జర ఆలస్యమైంది బిడ్డా. రైల్ల సీటు దొరకలే."

పూజారి గారు దీపం వెలిగించారు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, పుస్తకం పక్కన పెట్టి ఒక్క నిమిషం నాతో దోసిలి పట్టండి. ఈ పూట పరాయి దేశంలో ఎవరి వంటింట్లోనో నిలబడి ఉన్న ఏదో ఒక ఆడబిడ్డను తలుచుకోండి. పేరు తెలియకపోతే కుసుమ కూతురు అనుకోండి. అనండి: తల్లీ జానకీ, ఆ బిడ్డ ఒడి ఖాళీగా ఉండనివ్వకు. ఆమె తిన్నదో లేదో అడిగే ఒక్క మనిషిని ఆమె గోడ పక్కన ఉంచు. శ్రీరామ రక్ష.